చౌక ఫోన్‌లో పాత చిప్: మోసమా, లెక్కా?

మార్చిలో మా మిడ్ పరీక్షలు జరుగుతుండగా నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, కాల్స్ వస్తున్నాయి, పోతున్నాయి. బండి యాప్ ఒక్కటే తెరుచుకోవట్లేదు. ఈ ఫోన్‌కి ఇంక పనిచెయ్యదని చూపిస్తోంది" అన్నాడు. నాన్న విజయవాడలో క్యాబ్ నడుపుతాడు. యాప్ తెరుచుకోకపోతే బేరం లేదు. ఒకటిన్నర రోజు బండి ఇంటి ముందే ఉంది. బండి కదలకపోయినా ఫైనాన్స్ కిస్తీ మాత్రం కదులుతూనే ఉంటుంది కదా.

ఆ ఫోన్ 2020లో కొన్నది. నా పదో తరగతి ఆన్‌లైన్ క్లాసుల కోసం, అప్పు చేసి. "ఈ నెలే వచ్చిన మోడల్, తీసుకోండి" అని షాపు అతను చెప్పడం నాకింకా గుర్తుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నేను ఇంటర్‌లో చేరాక అది నాన్న చేతికి వెళ్లింది. ఆండ్రాయిడ్ 9తో వచ్చింది, ఒక్కసారి 10కి మారింది, అక్కడితో ఆగిపోయింది. మొన్న ఫోన్ వచ్చాక కుతూహలం కొద్దీ దాని వివరాలన్నీ తీశాను. మోడల్ 2020దే, షాపు అతను అబద్ధం చెప్పలేదు. కానీ లోపలి చిప్ 2018లో విడుదలైంది. అంటే మేం పెట్టె విప్పే రోజుకే దానికి రెండేళ్లు నిండాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే అనిపించింది.

ఆ రాత్రి హాస్టల్లో నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. డబ్బున్నవాడికి కొత్త చిప్, లేనివాడికి పాత చిప్ ఏంటి, ఇలా చెయ్యకూడదని చట్టం రావాలి అన్నాను. నా రూమ్మేట్ అంతా విని, "నువ్వు ఈసీఈ వాడివేనా? వేఫర్ లెక్క ఎప్పుడైనా వేశావా?" అన్నాడు. నిజంగానే వెయ్యలేదు. పరీక్షలయ్యాక కూర్చుని వేశాను. ఈ వ్యాసం ఆ గొడవకి నా జవాబు. సగం చోట్ల ఓడిపోయింది నేనే అని ముందే ఒప్పుకుంటున్నాను.

గొడవ ఎక్కడ మొదలైంది

చౌక ఫోన్లలో పాత చిప్పులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అయితే జనం దాన్ని గట్టిగా పట్టించుకున్నది మాత్రం 2022 సెప్టెంబరులో. అప్పటిదాకా యాపిల్ మామూలు మోడల్‌కీ, ప్రో మోడల్‌కీ రెండింటికీ ఆ ఏడాది చిప్పే పెట్టేది. ఐఫోన్ 14 దగ్గర ఆ పద్ధతి మారింది. 14 ప్రోకి కొత్త ఏ16 ఇచ్చి, మామూలు 14కి అంతకు ముందు ఏడాది వచ్చిన ఏ15నే ఉంచింది. 2023లోనూ అంతే. 15 ప్రోలో ఏ17 ప్రో, మామూలు 15లో ఏ16.

ఇక్కడ ధర చూడండి. మన దేశంలో ఐఫోన్ 13 విడుదల ధర రూ. 79,900. ఐఫోన్ 14 విడుదల ధరా రూ. 79,900. ఐఫోన్ 14 వచ్చిన రోజున 13 ధరను రూ. 69,900కి తగ్గించారు. రెండింటిలోనూ చిప్ పేరు ఏ15. తేడా ఏమీ లేదని కాదు. 14లోని ఏ15కి గ్రాఫిక్స్ కోర్లు అయిదు, 13లో నాలుగే. ర్యామ్ 4 నుంచి 6 జీబీకి పెరిగింది, కెమెరా కొంత మారింది. ఆ మాత్రం మార్పుకి పదివేలు పెట్టాలా వద్దా అన్నది ఎవరి జేబు వాళ్లు చూసుకోవాల్సిన సంగతి. నాకు తోచింది ఒక్కటే: చిప్ ఒక ఏడాది వెనక్కి వెళ్లింది, ధర మాత్రం ఒక్క రూపాయి కూడా వెనక్కి వెళ్లలేదు.

మరి ఆ నాలుగు కోర్లు, అయిదు కోర్ల వ్యవహారం ఏమిటి? వేఫర్ లెక్క మొదలయ్యేది అక్కడే.

దిగుబడి

మనం యీల్డ్ అని ఇంగ్లీషులో చదువుకునే మాటకి రైతు భాషలో దిగుబడి అని పేరు. అర్థం కూడా అదే. చిప్పులు విడివిడిగా పుట్టవు. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సిలికాన్ పళ్లెం మీద వందల కొద్దీ ఒకేసారి ముద్ర పడతాయి. ఆ పళ్లెం వైశాల్యం సుమారు 70,700 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చిప్ 100 చదరపు మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అంచుల్లో సగం సగం తెగిపోయేవి తీసేయగా 640 దాకా వస్తాయనుకుందాం.

ఈ పళ్లెం మీద అక్కడక్కడా లోపాలు పడతాయి. కొత్త తయారీ పద్ధతి మొదలైన రోజుల్లో లోపాలు ఎక్కువ, ఫ్యాక్టరీకి చేయి తిరిగే కొద్దీ తగ్గుతాయి. మన పుస్తకంలోని పాయిసాన్ సూత్రమే వాడదాం. చదరపు సెంటీమీటరుకి సగటున 0.5 లోపం ఉంటే మంచి చిప్పులు 60.7 శాతం, అంటే 388. లోపాలు 0.1కి తగ్గితే 90.5 శాతం, అంటే 579. ఈ లోపాల అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవే, ఏ ఫ్యాక్టరీవీ కావు. పళ్లెం ఖర్చు మారకపోయినా ఒక్కో మంచి చిప్ ఖర్చు దాదాపు మూడో వంతు పడిపోయింది చూశారా? పైగా డిజైన్‌కి, మాస్కులకి పెట్టిన పెద్ద ఖర్చు మొదటి ఏడాది ఫోన్ల మీదే చాలావరకు రాబట్టుకుని ఉంటారు. అందుకే ఏడాది పాత చిప్ నిజంగానే చౌక. అది కంపెనీ సాకు కాదు, భౌతికశాస్త్రం. నా రూమ్మేట్ గెలిచిన మొదటి పాయింటు ఇది.

ఇంకో సంగతి. కొత్త పద్ధతిలో మొదటి ఏడాది ఎన్ని పళ్లేలు తయారవుతాయో దానికీ ఒక హద్దుంటుంది. ఏ17 ప్రో 3 నానోమీటర్ పద్ధతిలో ఫోన్లలోకి వచ్చిన మొదటి చిప్, అందులో 1,900 కోట్ల ట్రాన్సిస్టర్లు. అలాంటి చిప్‌ని అన్ని మోడళ్లకూ మొదటి రోజు నుంచే ఇవ్వాలంటే ధరైనా పెరగాలి, ఫోన్లైనా దొరక్కుండా పోవాలి.

కోర్ల సంగతి చెప్తానన్నాను కదా. బెజవాడ పక్కన నున్న మామిడి మార్కెట్‌కి ఎప్పుడైనా వెళ్లారా? ఒకే తోట కాయల్ని కూడా గ్రేడులుగా వేరు చేస్తారు. మచ్చ ఉన్న కాయని పారేయరు, వేరే ధరకి అమ్ముతారు. చిప్పుల్లోనూ అదే పని జరుగుతుంది, దాన్ని బిన్నింగ్ అంటారు. అయిదు గ్రాఫిక్స్ కోర్లలో ఒకటి దెబ్బతింటే దాన్ని ఆపేసి నాలుగు కోర్ల చిప్‌గా వాడుకోవచ్చు. ఐఫోన్ 13లో నాలుగు, 13 ప్రోలో అయిదు అనేది ఈ పద్ధతికి చక్కగా సరిపోయే అమరిక. చౌక ఫోన్‌కి తేడా చూపించాలంటే నాకు పాత చిప్ కంటే ఇదే నచ్చుతుంది. చిప్ తరం ఒకటే, పుట్టిన ఏడాది ఒకటే, బలం మాత్రం కొంచెం తక్కువ. 2024లో ఐఫోన్ 16 దగ్గర యాపిల్ మళ్లీ ఈ దారికే వచ్చింది. ప్రోలో ఏ18 ప్రో, మామూలు దాంట్లో ఏ18. అంటే మామూలు మోడల్ ఏ16 నుంచి ఒకేసారి రెండు మెట్లు ఎక్కింది.

అయితే గ్రేడింగ్‌లోనూ దొంగ లెక్క ఉంటుంది. 1991లో ఇంటెల్ 486ఎస్ఎక్స్ అనే ప్రాసెసర్ తెచ్చింది. అది 486డీఎక్స్‌లో గణిత విభాగాన్ని పనిచేయకుండా ఆపేసిన రూపం. ఆ విభాగం కావాలనుకున్నవాళ్లు తర్వాత 487ఎస్ఎక్స్ అనే ఇంకో చిప్ కొనాలి. ఆ 487 ఏమిటయ్యా అంటే దాదాపు పూర్తి 486డీఎక్సే. దాన్ని పెట్టగానే పాత చిప్ మూగబోయి, పనంతా కొత్తదే చేసేది. మన సీనియర్ ప్రొఫెసర్లు ఇప్పటికీ ఈ కథ నవ్వుతూ చెప్తారు. దీనితో పోలిస్తే పాత చిప్ పెట్టడం నయం. కనీసం అక్కడ తయారీ ఖర్చు నిజంగా తగ్గుతుంది.

పాతదే మేలైన సందర్భం

ఇక నేను పూర్తిగా ఓడిపోయిన చోటు. కొత్త చిప్ ఎప్పుడూ పాతదాని కంటే మంచిదని నా నమ్మకం. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 చరిత్ర చదివాక ఆ నమ్మకం పోయింది. 2021 చివర్లో వచ్చిన ఆ చిప్‌ని శాంసంగ్ 4 నానోమీటర్ పద్ధతిలో తయారుచేశారు. వేడెక్కుతుందని దానికి బాగా చెడ్డపేరు వచ్చింది. కొద్ది నెలల్లోనే, 2022 మేలో, దాదాపు అదే డిజైన్‌ని టీఎస్ఎంసీ 4 నానోమీటర్ పద్ధతికి మార్చి 8 ప్లస్ జెన్ 1 అని తెచ్చారు. సీపీయూ, జీపీయూ రెండింటిలోనూ కరెంటు వాడకం 30 శాతం దాకా తగ్గిందని క్వాల్‌కామ్ చెప్పింది. రెండు పెట్టెల మీదా 4 నానోమీటర్లనే ఉంటుంది. నానోమీటర్ అంకె చూసి ఫోన్ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

2023 ఫిబ్రవరిలో వన్‌ప్లస్ 11ఆర్ ఆ 8 ప్లస్ జెన్ 1తోనే వచ్చింది. ఖరీదైన వన్‌ప్లస్ 11లో 8 జెన్ 2, ధర రూ. 56,999. 11ఆర్ ధర రూ. 39,999. 17 వేల తేడా. ఏడాది కిందటి మేటి చిప్, అప్పటికి లోటుపాట్లన్నీ తెలిసిపోయిన చిప్, తక్కువ ధరకి. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాలేదు. పాత చిప్ పెట్టి, పాత చిప్ అని చెప్పి, ధర తగ్గించారు. మన బ్యాచ్‌లో ఆర్ సిరీస్ ఫోన్లు వాడుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు, మీరే చెప్పండి.

నాన్న ఫోన్ సంగతికి వస్తే వేడి చిన్న విషయం కాదు. బెజవాడ మే నెల ఎండలో కారు అద్దం వెనక ఫోన్. మ్యాప్ నడుస్తూ ఉంటుంది, ఛార్జింగ్ ఎక్కుతూ ఉంటుంది, తెర పూర్తి వెలుతురులో ఉంటుంది. చిప్‌లో ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి పెరుగుతుందని మనం చదివాం. వేడి హద్దు దాటగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అలాంటి చోట పెట్టె మీద రాసిన గరిష్ఠ వేగం ఎవరికీ దొరకదు. అక్కడ కావాల్సింది తక్కువ శక్తితో మామూలు పని చేసే చిప్. అది నిన్నటిదైనా ఫర్వాలేదు.

ఇంతవరకూ రూమ్మేట్ మాటే నెగ్గింది. పాత చిప్ చౌక, నమ్మకమైనది, మామూలు పనికి చాలు. మరి నాన్న బండి ఎందుకు ఆగింది? ఆ ఫోన్ చిప్ నెమ్మదించినందుకు కాదు. మ్యాప్ ఆ రోజు కూడా బాగానే నడిచింది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ ఒక ఫోన్‌లోకి రావాలంటే గూగుల్ ఒక్కటి తలుచుకుంటే చాలదు. చిప్‌లోని కెమెరా విభాగం, మోడెమ్, గ్రాఫిక్స్, వీటన్నిటికీ డ్రైవర్లు కావాలి. అవి రాసేది చిప్ కంపెనీ. చిప్ కంపెనీ ఒక చిప్‌కి డ్రైవర్లు మెరుగుపరచడం ఆపేస్తే, ఫోన్ కంపెనీకి మనసున్నా ఆ పని చాలా కష్టమవుతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ తెచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఉద్దేశం ఈ ముడిని కొంత వదులు చేయడమే. చిప్‌కి సంబంధించిన భాగాన్ని ఒక పక్క, ఆండ్రాయిడ్‌ని ఒక పక్క వేరుచేశారు. ముడి వదులైంది కానీ పూర్తిగా వీడలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చిప్ కంపెనీ గడియారం చిప్ పుట్టిన రోజు నుంచి నడుస్తుంది. కొనేవాడి గడియారం పెట్టె విప్పిన రోజు నుంచి నడుస్తుంది. 2018 చిప్‌ని 2020 ఫోన్‌లో పెడితే, మధ్యలో పోయిన రెండేళ్లూ కొనేవాడి ఖాతాలోంచే పోతాయి. అవి మాకు బిల్లులో కనిపించలేదు.

ఉదాహరణకి మళ్లీ వన్‌ప్లస్‌నే చూద్దాం. 2024 జనవరిలో 12, 12ఆర్ రెండూ ఒకే రోజు మన దేశంలో విడుదలయ్యాయి. 12లో కొత్త 8 జెన్ 3, 12ఆర్‌లో 8 జెన్ 2. 12కి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, అయిదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. 12ఆర్‌కి మూడు వెర్షన్లు, నాలుగేళ్లు. చిప్ ఒక ఏడాది పాతది, హామీ కూడా ఒక ఏడాది తక్కువ. వాళ్లు ముందే చెప్పారు కాబట్టి తప్పుపట్టను. కానీ 12ఆర్ ధరని నెలకి ఇంత అని లెక్కేసేవాళ్లు ఆ ఏడాదిని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

పై నుంచి కూడా ఒత్తిడి వస్తోంది. 2020 డిసెంబరులో గూగుల్, క్వాల్‌కామ్ కలిసి స్నాప్‌డ్రాగన్ 888తో మొదలుపెట్టి చిప్పులకి నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లకి వీలు కల్పిస్తామన్నాయి. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎనిమిదేళ్ల దాకా పెంచామన్నాయి. ఎవరికి? స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్‌తో, ఆండ్రాయిడ్ 15తో విడుదలయ్యే ఫోన్ల నుంచి. వెనకటి చిప్పులకి ఆ సౌకర్యం లేదు. అంటే ఈ హామీ వచ్చాక కూడా ఎవరైనా నిరుటి చిప్‌తో కొత్త ఫోన్ తెస్తే, అది ఎనిమిదేళ్ల రైలు ఎక్కలేదు.

అప్‌డేట్లు ఆగిపోయాక ఎవరినడగాలి? ఫోన్ కంపెనీ చిప్ కంపెనీని చూపిస్తుంది. చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీ అడగలేదు అంటుంది. యాప్ కంపెనీ, పాత వెర్షన్‌లో భద్రత లేదు కాబట్టి మేం ఆపేశాం అంటుంది, అదీ అబద్ధం కాదు. తిలా పాపం తలా పిడికెడు. మధ్యలో బండి ఇంటి ముందు నిలబడింది.

చిప్‌దేనా తప్పు?

ఈ ప్రశ్నకి నాకు దొరికిన అన్నిటికంటే ఆసక్తికరమైన జవాబు మళ్లీ ఐఫోన్ 15 దగ్గరే ఉంది. 2023 సెప్టెంబరులో అది మార్కెట్లోకి వచ్చింది. 2024 జూన్‌లో యాపిల్ తన ఏఐ వ్యవస్థని ప్రకటించి, ఐఫోన్లలో 15 ప్రో, 15 ప్రో మ్యాక్స్‌లకే వస్తుందని చెప్పింది. అప్పటికి మామూలు ఐఫోన్ 15 పుట్టి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. షోరూముల్లో కొత్త ఫోన్‌గా అమ్ముడవుతూనే ఉంది.

అందరూ "పాత ఏ16 చిప్ కదా, దాని బలం చాల్లేదు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఒక పోలిక కనిపించింది. అదే ఏఐ వ్యవస్థ ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌లకీ, ఐప్యాడ్‌లకీ ఇచ్చారు. ఎం1 2020 నాటిది. దాని న్యూరల్ ఇంజిన్ సెకనుకి 11 లక్షల కోట్ల లెక్కలు చేస్తుందని యాపిలే చెప్పింది. ఏ16 న్యూరల్ ఇంజిన్‌కి చెప్పిన అంకె దాదాపు 17 లక్షల కోట్లు. అంటే రెండేళ్ల ముందు పుట్టిన, కాగితం మీద తక్కువ అంకె ఉన్న చిప్‌కి ప్రవేశం దొరికింది, దీనికి దొరకలేదు. తేడా ఎక్కడుంది? ఎం1 పరికరాల్లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉంది. 15 ప్రోలోనూ 8 ఉంది. మామూలు 15లో 6 ఉంది. ఏఐ మోడల్ ఫోన్‌లోనే నడవాలంటే అది మెమరీలో కూర్చోవాలి, మిగతా యాప్‌లకీ చోటుండాలి. నా అంచనాలో తలుపు మూసింది చిప్ వయసు కాదు, ఆ 2 జీబీ.

ఇది తెలిశాక మన ప్రశ్నే కొంచెం మారిపోతుంది. పాత చిప్ పెట్టాలా వద్దా అని వాదించుకుంటూ, దాని పక్కనే తగ్గించిన మెమరీని మనం చూడటం లేదు. నిరుటి చిప్‌కి నిండుగా ర్యామ్ ఇచ్చి ఉంటే ఆ ఫోన్ కొన్నవాళ్లు బయట నిలబడేవారు కాదేమో.

అసలు చౌకగా ఇవ్వాలంటే చిప్పే తగ్గించాలని ఎక్కడా లేదు. 2020లో యాపిల్ ఐఫోన్ ఎస్ఈకి ఐఫోన్ 8 శరీరం, 11 ప్రోలోని ఏ13 చిప్ పెట్టి అమెరికాలో 399 డాలర్లకి ఇచ్చింది. పాత తెర, ఒకే వెనక కెమెరా, ఆ ఏడాదికి మేటి చిప్. గూగుల్ పిక్సెల్ 8ఏ కూడా అంతే. ఖరీదైన 8 ప్రోలోని టెన్సర్ జీ3నే పెట్టి, 8 ప్రోకి ఇచ్చినట్టే ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. కోత పెట్టింది కెమెరాలు, బయటి సరుకు, ఛార్జింగ్ లాంటి చోట్ల. గ్లాసు, ఫ్రేము కాలంతో మారవు, మొదటి రోజు ఎలా ఉన్నాయో చివరి రోజూ అలాగే పనిచేస్తాయి. చిప్, ర్యామ్ మీద మాత్రం ఏటేటా బరువు పెరుగుతుంది. నా మొగ్గు ఈ రెండో పద్ధతి వైపే.

ఇంకోవైపు, 2024 అక్టోబరులో మన దేశంలోకి వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ ధర రూ. 18,999 నుంచి మొదలైంది. అందులో ఉన్నది మేటి చిప్ కాదు, మామూలు తరగతిది. అయినా ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నారు. ఆరో ఏట ఆ చిప్ ఎంత ఆయాసపడుతుందో వేరే సంగతి. కానీ చౌక చిప్‌కి ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇవ్వడం సాధ్యం కాదన్న మాట ఇక చెల్లదు. అది ఎవరో బల్ల దగ్గర కూర్చుని తీసుకునే నిర్ణయం.

కాబట్టి హాస్టల్లో నేనడిగిన చట్టాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పాత చిప్‌ని ఆపితే పోయేది 11ఆర్ లాంటి ఫోన్లే, నష్టపోయేది మనమే. దాని బదులు వేరేది అడుగుతాను. మందుల స్ట్రిప్పు మీద, ఆఖరికి పాల ప్యాకెట్ మీద కూడా గడువు తేదీ ఉంటుంది. పాతిక వేల ఫోన్ పెట్టె మీద ఎందుకుండదు? చిప్ ఏ ఏడాదిది, అప్‌డేట్లు ఏ తేదీ వరకు, ఈ రెండు ముక్కలు అచ్చువేస్తే చాలు. ఇది నా గాలి కోరిక కాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కి కలిసే పరికరాలు అమ్మేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో ప్రకటించి తీరాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన ఫోన్ల నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. అక్కడ అప్‌డేట్లకి అయిదేళ్ల లెక్క మొదలయ్యేది ఫోన్ విడుదలైన రోజు నుంచి కాదు, ఆ మోడల్ ఆఖరి ఫోన్ మార్కెట్లోకి వెళ్లిన రోజు నుంచి. ఆ నిబంధన భాషలో సందులున్నాయన్న వాదన ఉంది, ఉండనివ్వండి. గడియారాన్ని కొనేవాడి వైపు తిప్పారు, నాకు నచ్చింది అది. చిప్ కంపెనీ పోగొట్టిన ఏళ్లని ఎవరు భరించాలన్నది అప్పుడు కంపెనీలు వాళ్లలో వాళ్లు తేల్చుకుంటాయి.

నాన్నకి ఫోన్ కొనడానికి శనివారం ఇంటికి వెళ్లాను. షాపులో కుర్రాడు కెమెరా మెగాపిక్సెళ్లు చెప్తున్నాడు. "బాబూ, దీనికి అప్‌డేట్లు ఎప్పటిదాకా?" అని నాన్నే అడిగాడు. నేను దారిలో చెప్పింది గుర్తుపెట్టుకున్నాడన్నమాట. ఆ కుర్రాడు కొంచెం తడబడి, లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చాడు. చివరికి తీసుకున్నది వేగంలో గొప్పదేం కాదు. చిప్ ఆ ఏడాదిదే, ర్యామ్ 8 జీబీ, అప్‌డేట్ల హామీ రాతపూర్వకంగా ఉంది.

"ఇది ఎన్నాళ్లు వస్తుందిరా?" అన్నాడు బండెక్కుతూ. ఇంటికొచ్చాక పెట్టె అడుగున స్కెచ్ పెన్నుతో రెండు లైన్లు రాశాను. చిప్ 2025. అప్‌డేట్లు 2031 వరకు. అమ్మ ఆ పెట్టెని పాత ఫోన్ పెట్టె పక్కనే అటక మీద పెట్టింది.